ఉషబ్తీ బొమ్మ కోసం ఈజిప్టుకు

పాత నాణేలు కూడబెట్టే అలవాటున్న నేను ఈజిప్టుకు బయలుదేరింది పిరమిడ్ల కోసం కాదు, సమాధిలో మృతుని వెంట పెట్టే నీలి రంగు ఉషబ్తీ బొమ్మ ఒక్కటైనా నా అలమరలోకి రావాలన్న ఆశతో. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలోని మమ్మీని ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ వెయ్యి పౌండ్లకు కొని తెచ్చాడని చిన్నప్పుడు విన్నాను. డబ్బుంటే అక్కడ ఏదైనా దొరుకుతుందన్న భ్రమ అప్పుడే పాతుకుపోయింది. ఒకప్పుడు అది భ్రమేమీ కాదు. లైసెన్సున్న దుకాణాలు సరే, కైరోలో 1902లో తెరిచిన తహ్రీర్ మ్యూజియంలోనే పురావస్తువులు అమ్మే గది ఉండేది. 1983లో వచ్చిన 117వ నంబరు చట్టంతో ఆ వ్యాపారమంతా ముగిసింది.

కైరోలో కొత్త గ్రాండ్ మ్యూజియానికి రోజంతా కేటాయించాలి. టుటన్‌ఖామున్ సమాధి సామగ్రి అంతా ఒక్కచోట చూసే అవకాశం అక్కడే ఉంది. ఫుస్తాత్‌లో రాజుల మమ్మీలున్న మ్యూజియానికి సగం పూట చాలు. అయితే సేకరించే అలవాటున్నవారు తహ్రీర్ పాత భవనాన్ని వదలకూడదని నా అభిప్రాయం. వెలుతురు తక్కువే, వివరాల చీటీలూ అంతంత మాత్రమే. కానీ ఒకే రకం వస్తువులు అద్దాల బీరువాలో వరుసగా కనబడితేనే కంటికి తేడా పట్టుబడుతుంది.

ఫారోల సమాధులున్న లక్సర్‌లో మొదటి రెండు రాత్రులు తూర్పు ఒడ్డున నైలుకు ఎదురుగా ఉన్న హోటల్లో దిగి, రోడ్డు మీది హారన్ల మోతకు నిద్ర లేక, మూడో రోజు పడవ దాటి పశ్చిమ ఒడ్డున ఒక కుటుంబం నడిపే వసతిగృహానికి మారాము. గదులు సాదాగా ఉన్నా సమాధులన్నీ దగ్గర, పొద్దున్నే మేడ మీద వేడివేడి తామియా, అంటే పెద్ద చిక్కుడు గింజలతో చేసే, మన మసాలా వడకు దగ్గరి చుట్టమైన వంటకం. మళ్లీ వెళితే నేరుగా అక్కడే దిగుతాను.

మొదటి హోటల్ వాళ్లు కుదిర్చిన డ్రైవరు మాత్రం అడగకుండానే మమ్మల్ని ఒక దుకాణానికి తీసుకెళ్లాడు. తన తాత ఇంటి కింద తవ్వకంలో దొరికిందంటూ యజమాని పాత వార్తాపత్రికలో చుట్టిన ఉషబ్తీని విప్పి చూపించాడు. తడి చేసిన బొటనవేలితో రుద్దితే మట్టి రంగు ఊడివచ్చింది, పక్కల నుంచి అచ్చు అతుకు గీత స్పష్టంగా కనిపించింది. మూడు వందల డాలర్లతో మొదలైన బేరం నేను గుమ్మం చేరేసరికి ఇరవైకి దిగింది. అది నకిలీ కావడమే నా అదృష్టం. అసలైనదే అయివుంటే కొనడం నేరమయ్యేది.

ఆ మర్నాడు దేర్ ఎల్ మదీనాలో, సమాధులు తొలిచిన పనివారి ఊళ్లో, సెన్నెజెమ్ అనే పనివాడి సమాధిలోకి నడుము వంచుకుని దిగాము. గోడ మీద తెల్లని నార బట్టలు కట్టిన సెన్నెజెమ్ ఎడ్లతో అరక దున్నుతుంటే, భార్య వెనకాలే విత్తనాలు చల్లుతూ నడుస్తోంది. పరలోకంలోనూ ఈ పొలం పని తప్పదు కాబట్టే ఉషబ్తీల చేతుల్లో పారలు, వీపున విత్తనాల సంచి ఉంటాయని అక్కడ నిలబడ్డాకే అర్థమైంది. 1886లో చెక్కు చెదరకుండా బయటపడిన ఈ సమాధిలోని సెన్నెజెమ్ శవపేటిక ఈజిప్టులోనే ఉండగా, అతని కొడుకు ఖోన్సు పేటికలు అదే ఏడాది అధికారికంగానే అమ్ముడై న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి చేరాయి. ఇప్పుడా గదిలో మిగిలినవి గోడలే.

చివరికి పశ్చిమ ఒడ్డునే ఉన్న కుర్నా దగ్గర ఒక పనిశాలలో చేత్తో తొలిచిన అలబాస్టర్ గిన్నె కొన్నాను. పనివాడు ఫోన్ దీపాన్ని లోపల పెట్టగానే రాయి తేనె రంగులో వెలిగింది, గోడ మందం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువగా కనిపించింది. రసీదు మీద కొత్త వస్తువని రాయించుకున్నాను. కైరో విమానాశ్రయంలో అధికారి సంచిలోంచి గిన్నె తీసి, తలకిందులు చేసి చూసి, రసీదు రెండుసార్లు చదివి, ఏమీ అనకుండా తువ్వాలులో చుట్టి ఇచ్చేశాడు.