రెండున్నరేళ్లు ప్రొటీన్‌ లోపల తిరిగాక

కొత్త మందుల అణువుల్ని డిజైన్ చేసే ల్యాబ్ మాది, చెన్నైలో, తరమణి వైపు. మందు తగులుకునే ప్రొటీన్లని వీఆర్ (వర్చువల్ రియాలిటీ)లో, లోపల తిరుగుతున్నట్టు చూస్తాం. ముందు చెమట సంగతి చెప్పేస్తాను. మే నెలలో ఏసీ ఆగిన రోజున, అరకిలో బరువుండే వీఆర్ హెడ్‌సెట్ ముఖానికి బిగించుకుంటే పది నిమిషాల్లో స్పాంజి తడిసి ముద్దవుతుంది. తర్వాత దాన్ని ఇంకొకరు పెట్టుకోవాలి కదా! మొదటి ఏడాది మేం చేసిన ఒకే ఒక తెలివైన పని, తలా ఒక రబ్బరు తొడుగు కొనుక్కోవడం.

మంచి గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటరుకి హెడ్‌సెట్ తగిలించి కైమెరాఎక్స్‌లో ప్రొటీన్ ఫైలు తెరుస్తాం. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ల సాఫ్ట్‌వేర్ అది, విద్యాసంస్థలకు ఉచితం. ‘వీఆర్ ఆన్’ అని కమాండ్ కొడితే ప్రొటీన్ గదిలోకి వచ్చేస్తుంది.

దీని విలువ నాకు తెలిసింది ఇమాటినిబ్ దగ్గర. 2001లో అమెరికాలో అనుమతి వచ్చిన బ్లడ్ క్యాన్సర్ మందు అది. ఏబీఎల్ అనే ప్రొటీన్‌లోని పాకెట్‌లో, అంటే మందు పట్టే గుంటలో, కూర్చుంటుంది. అక్కడ 315వ స్థానంలో ఉండే త్రియోనిన్ అనే అమైనో ఆమ్లాన్ని ‘గేట్‌కీపర్’ అంటారు. మందు దానితో హైడ్రోజన్ బంధం కలుపుకుంటుంది. కొందరు రోగుల్లో ఆ త్రియోనిన్ కాస్తా ఐసోల్యూసిన్ అనే ఇంకో అమైనో ఆమ్లంగా మారిపోతుంది. ఇక బంధమూ ఉండదు, చోటూ ఉండదు. ఇదంతా ఎమ్మెస్సీలో బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. కానీ ప్రొటీన్‌ని గదంత పెంచి ఆ గుమ్మంలో నిలబడితే, ఐసోల్యూసిన్ కొస ముఖం మీదికే వచ్చింది. తెలియకుండానే తల పక్కకి తిప్పాను. ఈ మార్పు ఉన్నా పనిచేసే, 2012లో వచ్చిన పొనాటినిబ్ అనే మందుని అక్కడే పెట్టి చూశాను. దాని నడుములో రెండు కార్బన్ల మధ్య త్రిబంధం ఉంది. సన్నగా, నిటారుగా పుల్లలా ఐసోల్యూసిన్‌ని ఒరుసుకోకుండా లోపలికి దూరిపోయింది. మౌస్‌తో ఎన్నిసార్లు తిప్పినా ఏది ముందో ఏది వెనకో తికమకగా ఉండేది. ఇక్కడ వంగి చూస్తే సరిపోయింది.

డిజైన్ దగ్గరికొస్తే మాత్రం ఇంత మురిసిపోను. ఒకసారి ఖాళీ మూల కనిపించిందని మా అణువుకి ఒక రింగు (పరమాణువుల వలయం) తగిలించాను. భలే అమరింది. మేం గీసిన అణువుల్ని నిజంగా తయారుచేసే మా సింథసిస్ అక్కది ఒంగోలు, ఇరవై ఏళ్లుగా ఫ్లాస్కులతో కాపురం. హెడ్‌సెట్ పెట్టుకుని చూసి, “బొమ్మ బాగానే ఉంది తమ్ముడూ, చేసేదెవరు?” అంది. అప్పటినుంచి ఆవిడ పక్కన లేకుండా రింగులు పెట్టడం మానేశాను. పైగా మనం చూసేది క్రిస్టల్ నిర్మాణం, అంటే స్ఫటికంగా మార్చిన ప్రొటీన్ నుంచి తీసిన కదలని బొమ్మ. అసలు ప్రొటీన్ ఊగుతూ ఉంటుంది, నేను నింపిన ఆ ‘ఖాళీ’లో నీళ్లుండొచ్చు. అణువుల్ని లాగుతుంటే లెక్క కట్టి కదిలించే పద్ధతి వేరే ఉంది. బ్రిటన్‌లోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయం బృందం 2018లో ప్రచురించిన పరీక్షల్లో చిన్న పెప్టైడ్‌కి (అమైనో ఆమ్లాల గొలుసుకి) ముడి వేయడం లాంటి పనులు మౌస్‌తో కన్నా వీఆర్‌లో త్వరగా అయ్యాయి. మా కంప్యూటరుకి అంత ఓపిక లేదు.

ఇంకో సంగతి. ఒకరోజు చేతిలోని కంట్రోలర్ ట్రిగ్గర్ మీద వేలు పడి లిగండ్, అంటే పాకెట్‌లో కూర్చున్న అణువు, కొద్దిగా జరిగింది. చూసుకోకుండా సేవ్ చేశాను. ఆ ఫైలుతో నడిపిన మూడు రోజుల లెక్కలు గంగపాలు. ఇప్పుడు అసలు ఫైలుని రీడ్ ఓన్లీలో పెట్టాకే హెడ్‌సెట్ ముట్టుకుంటాను. దూరాలు, కోణాలు తెర మీదే కొలుస్తాను. గాల్లో అక్షరాలు టైపు చేయడం నరకం. ప్రొటీన్ ఉపరితలమంతా ఆన్ చేస్తే బొమ్మ జెర్కులిస్తుంది, కడుపులో తిప్పుతుంది. పాకెట్ చుట్టుపక్కలే చూపించుకుంటే నయం. ఇరవై నిమిషాలు దాటితే నా వల్ల కాదు.

వారానికి రెండుసార్లు వాడతాను. కొత్త పాకెట్ వచ్చినప్పుడు తప్పనిసరి. అక్క మాత్రం ఇప్పటికీ సొరుగులోంచి అణువుల నమూనాలు కట్టే తన ప్లాస్టిక్ గోళీల సెట్టే తీస్తుంది. ఆరు కార్బన్ల రింగు అయిన సైక్లోహెక్సేన్ కుర్చీ ఆకారం ఎటు వంగుతుందో చూడాలంటే నేనూ దాన్నే అడుక్కుంటాను. దానికి ఛార్జింగ్ అక్కర్లేదు.