పెద్దాసుపత్రికా, ఆరోగ్యశ్రీపై ప్రైవేటుకా?

సంపాదించే మనిషి మంచాన పడితే నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పేద కుటుంబం ముందు రెండు దారులుంటాయి: జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి, లేదా ఆరోగ్యశ్రీ వర్తించే ప్రైవేటు ఆసుపత్రి.

ఖర్చు: ప్రభుత్వ ఆసుపత్రిలో ఓపీ, చేరిక, అక్కడ లభించే మందులు ఉచితం. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలకు పెరిగింది. అయితే అది జాబితాలోని చికిత్సలకే వర్తిస్తుంది కనుక, జబ్బేమిటో తేలకముందు చేయించే పరీక్షలకు ఇంటివారే చెల్లించవలసి రావచ్చు. అప్పు మొదలయ్యేది ఇక్కడే. చేరకముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను (ఆరోగ్యశ్రీ రోగులకు సాయపడే ఉద్యోగిని) అడిగి తీరాలి.

శ్రమ: ప్రభుత్వ ఆసుపత్రిలో వరుసల్లో నిలబడాలి, ప్రైవేటులో ఆరోగ్యశ్రీ కింద చికిత్సకు ముందస్తు అనుమతి కోసం ఆగాలి.

ప్రమాదం: మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో 2019లో వైద్య కళాశాలలు మొదలయ్యాక ప్రభుత్వ వైద్యం బలపడినా, క్లిష్టమైన గుండె, మెదడు శస్త్రచికిత్సలకు సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌కు పంపవలసి వస్తుంది. ప్రైవేటులో చిక్కు వేరు: బకాయిలు అందలేదంటూ 2025లో ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలను నిలిపివేశాయి. శస్త్రచికిత్స కోసం ఎదురుచూస్తున్న కూలి కుటుంబానికి అంతకంటే కష్టం ఏముంటుంది?

కాన్పు, పాముకాటు, విషజ్వరం, డయాలసిస్ వంటి వాటికి పెద్దాసుపత్రే మేలు. జబ్బు నిర్ధారణ అయి, శస్త్రచికిత్స జాబితాలో ఉండి, స్థానికంగా నిపుణులు లేనప్పుడు ఆరోగ్యశ్రీ ప్రైవేటు ఆసుపత్రి సరైనది. అయినా హైదరాబాద్‌లోని ప్రభుత్వ ఆసుపత్రి నిమ్స్‌లో కూడా ఆరోగ్యశ్రీ చెల్లుతుంది, క్యాన్సర్‌కు ప్రభుత్వ ఎం.ఎన్.జె. ఆసుపత్రి ఉంది కనుక ముందుగా అక్కడ విచారించాలి.