మూడేళ్లు వాడాక గుండ నింపే మెషిన్ గురించి నా అనుభవం

మేము పెదవాల్తేరులో ఇంట్లోనే పొడులు చేసి ప్యాకెట్లు కట్టి అమ్ముతాం. మా వైపు గుండ అంటారు కాబట్టి నేను గుండ అనే రాస్తాను. కందిగుండ, కరివేపాకు గుండ, నువ్వుల గుండ, మునగాకు గుండ, కారంగుండ, అన్నీ కలిపి నెలకి 90 కేజీల దాకా వెళ్తుంది, దాదాపు మొత్తం 100 గ్రాముల ప్యాకెట్లే. మొదటి రెండేళ్లు నేను, మా అత్తయ్య కూర్చుని చెంచాతో కాటా మీద వేసి తూచి నింపేవాళ్లం, వంద ప్యాకెట్లకి రెండు గంటల పైనే పట్టేది, అత్తయ్యకి మెడ నొప్పి మొదలయ్యాక ఇంక లాభం లేదని బరువు పెడితే అదే తూచి పోసే చిన్న మెషిన్ ఒకటి కొన్నాం. మూడేళ్లు దాటింది. కొనే ముందు నాకెవరూ చెప్పని సంగతులు చాలా ఉన్నాయి, ఇలాంటి ఇంటి వ్యాపారం చేసేవాళ్లు తరచూ అడుగుతున్నారని అవన్నీ ఒకచోట రాస్తున్నాను.

ముందు ఈ మెషిన్ ఎలా పని చేస్తుందో చెప్తాను, ఎందుకంటే తర్వాత వచ్చే తలనొప్పులన్నీ అక్కడి నుంచే వస్తాయి. పైన గుండ పోసే తొట్టి, దాని కింద వణికే స్టీల్ ట్రే, ట్రే చివర చిన్న కప్పు, కప్పు కింద లోడ్ సెల్, అంటే బరువుని పసిగట్టే భాగం. ట్రే వణుకుతుంటే గుండ కొద్దికొద్దిగా జారి కప్పులో పడుతుంది, మనం పెట్టిన బరువు దగ్గరకొచ్చేసరికి వణుకు తగ్గుతుంది, బరువు రాగానే ఆగుతుంది, మనం కాలితో పెడల్ నొక్కితే కప్పు తెరుచుకుని కింద పట్టుకున్న కవర్లోకి పడుతుంది. ఆగమని ట్రేకి చెప్పేసరికి కొంత గుండ గాల్లో ఉంటుంది కదా, అదీ కప్పులోనే పడుతుంది, అందుకే ఒక గ్రామో రెండు గ్రాములో ముందే ఆగేలా సెట్టింగ్ పెట్టుకోవాలి. ధార ఒకేలా పడినంతసేపు ఈ లెక్క బాగా కుదురుతుంది. మినుములు, మెంతులు, కాఫీ గింజలు పోస్తే నిజంగా చూడముచ్చటగా పడతాయి, అరకు కాఫీ గింజలు ప్యాక్ చేసే మా మరిదికి ఇదే మెషిన్ మీద ఒక్క ఫిర్యాదు లేదు.

గుండతో అలా కాదు. మొదటి వారం కందిగుండ పోసి అలా చూస్తూ కూర్చున్నాను, 94, 96.2, 97.8, 98.5 అని మెల్లగా ఎక్కుతోంది, బాగుంది అనుకునేలోగా ట్రే మూల అతుక్కుని ఉన్న ఉండ ఒకటి ఊడి కప్పులో పడింది, 103.9. అది తీసీసి మళ్లీ వేస్తే 101, తర్వాతది 99.1, ఆ తర్వాతది మళ్లీ 104. అమ్మినాయన ఫోన్లో డిస్‌ప్లే 0.1 గ్రాము చూపిస్తుంది మేడమ్, కరెక్ట్ మెషిన్ అన్నాడు. 0.1 చూపించడం వేరు, 0.1 దాకా కరెక్టుగా పోయడం వేరు, ఈ రెండిటికీ తేడా తెలియకే నేను కొన్నాను. కొనేటప్పుడు డిస్‌ప్లే సంగతి వదిలెయ్యండి, మీ గుండే ఒక కేజీ పట్టుకెళ్లి వాళ్ల ముందు వరసగా ఇరవై సార్లు పోయించండి, ఆ ఇరవై బరువులు కాగితం మీద రాసుకోండి. వాళ్లు డెమోకి ఎప్పుడూ పంచదారో టీ పొడో పెడతారు, ఏ మెషిన్ అయినా వాటిని బాగానే పోస్తుంది.

ఇక్కడ డబ్బు లెక్క చూడండి. ఒక్కో ప్యాకెట్లో 3 గ్రాములు ఎక్కువ పడితే మా 900 ప్యాకెట్లకి నెలకి 2.7 కేజీలు ఊరికే పోతుంది, కేజీ 500 చొప్పున చూసినా 1,350 రూపాయలు. పోనీ తక్కువ పడితే ఏంటంటే అది ఇంకా పెద్ద తప్పు. ప్యాకెట్లు కట్టి అమ్మే సరుకులకి పెట్టిన 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ ప్రకారం 100 గ్రాముల ప్యాకెట్‌కి తేడా 4.5 గ్రాముల దాకా ఒప్పుకుంటారు, 50 గ్రాముల ప్యాకెట్ అయితే 9 శాతం, అంటే అదీ 4.5 గ్రాములే. కానీ అంత వెసులుబాటు ఉందని అందరికీ 96 పోసి అమ్మడానికి లేదు, మొత్తం ప్యాకెట్ల సగటు మాత్రం రాసిన బరువుకి తగ్గకూడదు. రూల్ సంగతి అలా ఉంచితే, కవరు మీద 100 అని రాసి 97 ఇవ్వడం నాకు మనసొప్పదు, మన చేతి గుండ మీద నమ్మకంతో కొనుక్కునేవాళ్లే మళ్లీ వస్తారు.

అసలు దొంగ ఎక్కడున్నాడో అత్తయ్య పట్టుకుంది. రెండో నెలలో నువ్వుల గుండ నింపుతుంటే మెషిన్ ప్రతిసారీ 100, 100.2 అని చక్కగా చూపిస్తోంది. అత్తయ్య పాత కాటా తెచ్చి, "అమ్మాయ్, అది చెప్పింది సరే, మన కాటా ఏటంటాదో చూడు" అని కవర్లో పడిన గుండని తూచింది, 98.3. ఇంకోటి తూచింది, 98.6. కప్పు తలుపు తీసి లోపల వేలు పెట్టి చూస్తే నూనె గుండ గోడలకి సన్నటి పొరలా అతుక్కుని ఉంది, గరాటులో ఇంకొంచెం. మెషిన్ తూచేది కప్పులో ఉన్నదాన్ని, కొనేవాళ్లకి వెళ్లేది కవర్లో పడినదాన్ని. ఆ రోజు నుంచి నేను నమ్మేది కవరుతో సహా చెక్ కాటా, అంటే సరిచూసుకోవడానికి పక్కన పెట్టుకున్న వేరే కాటా మీద చూసిన బరువునే. ఖాళీ కవరు మాది 4.2 గ్రాములు, కొత్త కట్ట వచ్చినప్పుడల్లా పది కవర్లు తూచి సగటు మళ్లీ చూసుకుంటాను, ఒకసారి ఒక కట్ట 4.8 వచ్చింది, చూసుకోకపోతే ప్రతి ప్యాకెట్‌కి 0.6 గ్రాము తగ్గేది.

ఇప్పుడు ఈ మెషిన్‌తో మేము చేసే పద్ధతి ఇది, మూడేళ్లలో మిగిలిన పద్ధతి ఇదొక్కటే. మెషిన్‌ని 97 దగ్గర పెడతాను, ధార ఎంత అటూ ఇటూ అయినా 95, 99 మధ్యలోనే పడుతుంది. ఆ కవరుని పక్కనున్న చెక్ కాటా మీద పెట్టి, మిగిలింది అత్తయ్య చిన్న చెంచాతో వేసి 100.5 చేస్తుంది, కవరు బరువు ముందే టేర్ కొట్టి, అంటే లెక్కలోంచి తీసేసి ఉంటుంది. నేను పోయించే లోపు ఆవిడ ముందుది సరిచేస్తుంది. ఇలా వంద ప్యాకెట్లు సీలింగ్‌తో సహా యాభై నిమిషాల్లో అయిపోతున్నాయి. నిమిషానికి పది పన్నెండు అని బాక్స్ మీద రాసి ఉంటుంది, గుండకి అయితే నాలుగైదు అనుకోండి. పూర్తిగా మెషినే కొట్టేయాలని చూసిన రోజుల్లో ఎక్కువైనవి, తక్కువైనవి విప్పి మళ్లీ నింపడంతో ఇంతకంటే ఎక్కువ టైమే పట్టేది.

ఇంక మన వైజాగ్ గాలి. మాకు బీచ్ ఒక కిలోమీటరు కూడా ఉండదు, గుండ పళ్లెంలో ఒక పూట తెరిచి ఉంచితే చాలు తడి పీల్చుకుని ముద్ద కడుతుంది, ఉప్పు కలిపిన గుండలు మరీను. తొట్టిలో పోస్తే పైన గుండ ఉంటుంది, కింద మధ్యలో ఒక గొయ్యి పడి ధార ఆగిపోతుంది, మెషిన్ మాత్రం ఖాళీగా వణుకుతూనే ఉంటుంది. వర్షాకాలంలో ఏసీ గదిలో గంట ముందు ఏసీ వేసి, గుండ పూర్తిగా చల్లారాక, జల్లెడ పట్టి, తొట్టిలో సగానికి మించకుండా పోస్తున్నాను, సగం సమస్య అక్కడే పోయింది. కానీ ఏసీ గాలి నేరుగా కప్పు మీద పడకూడదు, ఫ్యాన్ అసలు వద్దు, మధ్యాహ్నం సముద్రం గాలి వీచేటప్పుడు బాల్కనీ తలుపు తెరిచి ఉంటే అంకె దానంతట అదే 0.3 అటూ ఇటూ ఆడుతుంది. ఒకసారి అదే బల్ల మీద మిక్సీ పెట్టాం, అంకె నిలబడలేదు, బల్ల మార్చాక సరిపోయింది. స్విచ్ వేసిన వెంటనే కూడా పని మొదలుపెట్టకండి, ఇరవై నిమిషాలు వేడెక్కనిచ్చి అప్పుడు జీరో చూసుకోండి.

కాలిబ్రేషన్, అంటే కచ్చితమైన బరువు పెట్టి మెషిన్ చూపించే అంకె సరిచేసుకోవడం, దాని గురించి ఒక మాట. మెషిన్ లారీలో ఊళ్లు దాటి కుదుపులు తిని వస్తుంది, పైగా భూమి ఆకర్షణ కూడా అన్ని చోట్లా ఒకేలా ఉండదు, భూమధ్యరేఖ నుంచి ధ్రువాల దాకా చూస్తే అర శాతం తేడా ఉంటుంది, కాబట్టి ఎక్కడ వాడతామో అక్కడే సరిచేసుకోవాలి. దానితో పాటు ఇచ్చిన 100 గ్రాముల బిళ్లని నమ్మలేదు నేను, కురుపాం మార్కెట్ వైపు బంగారం వాళ్లకి కాటాలు అమ్మే షాపులో ఎం1 క్లాసు 100 గ్రాముల బరువు కొన్నాను, ఆ క్లాసులో 100 గ్రాములకి తేడా 5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ బరువుని చేత్తో పట్టుకోవద్దు, చెమట, నూనె అంటుకుంటాయి, గుడ్డతో పట్టుకుని పెట్టెలో దాచండి. రోజూ పని మొదలుపెట్టే ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి దాన్ని చెక్ కాటా మీద పెట్టి చూస్తాను. ఆ కాటాకి ఏటా తూనికలు కొలతల శాఖ ముద్ర వేయిస్తాం, ఎలక్ట్రానిక్ కాటాలకి పన్నెండు నెలలకోసారి అది తప్పనిసరి.

పాడైన సంగతి కూడా చెప్పాలి. రెండో ఏడు దసరా ముందు, ఆర్డర్లు ముంచుకొచ్చే టైములో, జీరో పాకడం మొదలైంది, ఖాళీ కప్పుకి 2 గ్రాములు, కాసేపటికి 5, మైనస్ 3. అమ్మినాయనకి నాలుగు రోజులు ఫోన్ చేశాను, ఒక రోజు ఎత్తి మనిషిని పంపుతా అన్నాడు, తర్వాత ఎత్తడమే మానేశాడు. ఏడాది గ్యారంటీ ఎలాగూ అయిపోయింది, అయినా విడిభాగం ఎక్కడ దొరుకుతుందో ఒక్క మాట చెప్తే ఏం పోయేది, అది నాకు ఇప్పటికీ బాధే. చివరికి మావారు గాజువాక ఆటోనగర్లో కాటాలు బాగుచేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన విప్పి చూపించాడు, లోడ్ సెల్ చుట్టూ సందులో కారంగుండ గట్టిగా దట్టించినట్టు పేరుకుపోయి ఉంది, వైరు దగ్గర ఉప్పు గాలికి పచ్చగా తుప్పు. లోడ్ సెల్ మార్చి, సందు చుట్టూ మెత్తటి రబ్బరు పొర కట్టి ఇచ్చాడు, 1,800 తీసుకున్నాడు, మళ్లీ ఆ సమస్య రాలేదు. ఇప్పుడు పని అయ్యాక ప్రతిరోజూ పొడి బ్రష్‌తో దులుపుతాం, తడి గుడ్డ లోపలికి పెట్టం.

స్క్రూతో తోసే రకం, అంటే ఆగర్ మెషిన్, అది కూడా ఎనిమిది నెలల నుంచి ఉంది, కారంగుండ కోసం సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం. సన్నటి గుండకి అదే మేలు, ధార ఆగదు, దుమ్ము లేవదు. కానీ అది తూచదు, స్క్రూ ఎన్ని చుట్లు తిరిగితే అంత కొలత పోస్తుంది, గుండ గుల్లగా ఉంటే బరువు తగ్గుతుంది, సర్దుకుని ఉంటే పెరుగుతుంది. మరలో అప్పుడే ఆడించి తెచ్చిన కారం ఒక గిన్నెడు 46 గ్రాములు తూగితే మర్నాటికి అదే గిన్నెడు 52 తూగింది, అందుకని ఆడించిన రోజు అసలు నింపం, రాత్రంతా డబ్బాలో ఉంచి మర్నాడు నింపుతాం, ప్రతి పది ప్యాకెట్లకి ఒకటి తూచి చుట్లు సరిచేస్తాం. నువ్వుల గుండ మాత్రం ఈ రెండిట్లో దేనికీ లొంగలేదు, స్క్రూలో వేస్తే ఒత్తిడికి నూనె వదిలి ముద్దైపోయింది. అదొక్కటి ఇప్పటికీ చెంచాతోనే, అత్తయ్య, నేను ఎదురెదురుగా కూర్చుని నింపుతున్నాం, నెలకి పన్నెండు కేజీలే కాబట్టి ఇబ్బంది లేదు.