శ్రీకాకుళంలో అభ్యర్థుల అఫిడవిట్లు ప్రింట్ తీసిచ్చే జెరాక్స్ షాపు

ఈ 2024 ఎన్నికలయ్యే వరకు షాపు పేరు రాయొద్దని దాన్ని నడిపే అక్కే అడిగింది కాబట్టి రాయడం లేదు. ఏడు రోడ్ల జంక్షన్ నుంచి నడిచి వెళ్ళేంత దూరం, ఒక సందులో, ముందు రెండు జెరాక్స్ మిషన్లు, లోపల ఒక కంప్యూటరు, మూడు ప్లాస్టిక్ కుర్చీలు. నేను వెళ్ళింది ఆధార్ కాపీ కోసం. నా ముందు లుంగీ కట్టుకున్న ఒక పెద్దాయన ఇరవై పైచిలుకు పేజీల కట్ట పట్టుకుని వేలితో ఒక్కో గడీ చూపిస్తూ అక్కని అడుగుతున్నాడు, "ఇక్కడ వర్తించదు అని ఎందుకు రాసినాడమ్మా?" అని. ఏదో పొలం రిజిస్ట్రేషన్ అనుకున్నాను. తీరా చూస్తే ఆయన నియోజకవర్గంలో ఎమ్మెల్యేగా పోటీ చేస్తున్న అభ్యర్థి నామినేషన్‌తో పాటు తన ఆస్తులు, కేసుల గురించి ప్రమాణం చేసి రాసిచ్చిన అఫిడవిట్.

ఈ షాపు గురించి ఇంత పెద్దగా ఎందుకు రాస్తున్నానంటే, ఈసారి నేను ఓటు వేయకూడదనే అనుకున్నాను. నాకు ఓటు వచ్చాక ఇది మూడో సార్వత్రిక ఎన్నిక. 2014లో ఒక పార్టీకి వేశాను, 2019లో కోపం వచ్చి ఇంకో పార్టీకి వేశాను, రెండుసార్లూ నేను వేసినవాళ్ళకే అధికారం వచ్చింది. మా ఊరు ఉద్దానంలో, శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ప్రాంతం అది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చిన రాత్రి మా కొబ్బరి తోట పడిపోయింది, తెల్లారి మా అమ్మ లెక్కపెడితే నిలబడినవి పదకొండు చెట్లు. పరిహారం జాబితాలో ఒకసారి మా పేరు ఉందన్నారు, ఇంకోసారి లేదన్నారు, ఆ కాగితాలు పట్టుకుని అమ్మ ఎన్నిసార్లు తిరిగిందో నాకు తెలుసు. మా మావయ్య కిడ్నీలు పాడై రెండేళ్ళు డయాలసిస్ చేయించుకుని పోయాడు. 2023 డిసెంబరులో మా ప్రాంతానికి మంచి తాగునీళ్ళిచ్చే వంశధార నీళ్ళ పథకం, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలయ్యాయి. సంతోషమే, మనస్ఫూర్తిగా అంటున్నాను. కానీ ఆ నీళ్ళ కోసం ఎన్నేళ్ళు ఎదురుచూశామో, ఈలోగా ఎంతమంది పోయారో తలచుకుంటే ఏ జెండా చూసినా మనసు రాదు. నాతో పదో తరగతి చదివినవాళ్ళలో సగం మంది ఊళ్ళో లేరు, కొందరు గుజరాత్‌లో బోట్ల మీద, కొందరు హైదరాబాద్‌లో కూలిపనుల్లో ఉన్నారు.

కాబట్టి వీళ్ళెవరూ వద్దని చెప్పే నోటా బటన్ నొక్కి వచ్చేద్దామని నిర్ణయించుకున్నాను. ఆ మాటే కుర్చీలో కూర్చుని పక్కవాళ్ళతో అంటుంటే అక్క వింది.

"నొక్కుతానంటే నొక్కు బావూ, ఎవులొద్దన్నారు? ముందు ఈళ్ళేటి రాసిచ్చినారో ఓపాలి సదువు, అప్పుడు నొక్కు."

ఎవరికి వెయ్యాలో చెప్పలేదు, ఏ పార్టీ మంచిదో చెప్పలేదు. మా నియోజకవర్గం అడిగింది, ఎన్నికల సంఘం అఫిడవిట్ సైట్ తెరిచింది, అభ్యర్థుల జాబితా చూపించి "ఎవుల్ది కావాలి?" అంది. ఏప్రిల్ 25తో నామినేషన్లు, 29తో ఉపసంహరణలు అయిపోయాయి కాబట్టి ఇప్పుడు ఆ జాబితాలో బరిలో ఉన్నవాళ్ళెవరో తెలిసిపోతుంది. ఫోన్లోనే చూసుకోవచ్చు కదా అనొచ్చు. చూడొచ్చు, నో యువర్ క్యాండిడేట్ యాప్ కూడా ఉంది. కానీ అవి స్కాన్ చేసిన పేజీలు, చిన్న స్క్రీన్ మీద జూమ్ చేసుకుంటూ ఇరవై పేజీలు చదివే ఓపిక నాకైతే లేదు, మా అమ్మలాంటివాళ్ళకు అసలు కుదరదు. కాగితం చేతికొస్తే వేరు.

రేటు: రెండు వైపులా ప్రింటు, వైపుకి రెండు రూపాయలు, స్టేపుల్ కొట్టి ఇస్తుంది. నాకు ఒక కట్టకి యాభై రెండు రూపాయలైంది. ఆస్తులు ఎక్కువున్నవాళ్ళ కట్ట మందంగా ఉంటుంది, అంటే ఖర్చు కూడా ఎక్కువే, అది ముందే తెలుసుకుని వెళ్ళండి.

అసలు సర్వీసు ప్రింటు కాదు, ఆ తర్వాత అక్క చెప్పే పది నిమిషాల పాఠం. అఫిడవిట్‌ని ఫారం 26 అంటారు. మొదట చదువు, వృత్తి అనుకుంటాం కానీ అవి తర్వాత వస్తాయి. ముందు పాన్ నంబరు, దాని పక్కనే ఐదేళ్ళ ఆదాయపు పన్ను రిటర్నుల్లో చూపించిన ఆదాయం, అభ్యర్థిది, భార్యదో భర్తదో, వాళ్ళ మీద ఆధారపడినవాళ్ళది కూడా. తర్వాత పెండింగ్ కేసులు, శిక్ష పడి ఉంటే అది. ఆ తర్వాత చరాస్తులు, స్థిరాస్తులు, అప్పులు, ప్రభుత్వానికి కట్టాల్సిన బకాయిలు. వృత్తి, చదువు ఆఖర్న. ఏ గడీ ఖాళీగా వదలకూడదు, లేకపోతే లేదని, వర్తించకపోతే వర్తించదని రాయాలి. ఖాళీలు వదిలితే నామినేషన్ తిరస్కరించవచ్చని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ పెద్దాయన అడిగిన ప్రశ్నకి జవాబు అదే. ఇదంతా మనకి ఎవరూ దయతలచి ఇచ్చింది కాదు, అభ్యర్థుల వివరాలు తెలుసుకోవడం ఓటరు హక్కు అని 2002లో కోర్టు తీర్పు ఇస్తే వచ్చింది. నేను డిగ్రీ చదివాను, రెండుసార్లు ఓటు వేశాను, ఈ ఫారం ఒకటుందని మాత్రం తెలియదు. సిగ్గుగా అనిపించింది.

అక్క నేర్పిన ఒక పద్ధతి నాకు బాగా నచ్చింది. ఇంతకుముందు పోటీ చేసిన అభ్యర్థి అయితే 2019 అఫిడవిట్ కూడా తీసి రెండూ పక్కపక్కన పెట్టమంటుంది. అదే భూమి రెండింటిలో ఉందా, విలువ ఎంత పెరిగింది, కొత్తగా ఏం చేరింది, అప్పుడున్న కేసు ఇప్పుడుందా. స్కేలు పెట్టుకుని వరస వరస దింపుకుంటూ చూడాలి. నేను ఇద్దరివి అలా చూశాను. ఏ పేరూ రాయను, ఏ పార్టీ అన్నదీ రాయను. రెండేళ్ళుగా మా రచ్చబండ దగ్గర వినే మాటల్లో సగం ఆ కాగితాల్లో కనపడలేదు, అక్కడ ఎవరూ మాట్లాడని సంగతులు మాత్రం రెండు మూడు కనపడ్డాయి.

నోటా సంగతి కూడా అక్కడే తెలిసింది. 2013 నుంచి ఆ బటన్ ఉంది, కానీ లోక్‌సభకైనా అసెంబ్లీకైనా నోటాకి ఎన్ని పడినా, అభ్యర్థుల్లో ఎవరికి ఎక్కువ వస్తే వాళ్ళే గెలిచినట్టు. 2019లో మన శ్రీకాకుళం ఎంపీ సీటు మెజారిటీ 6,653. నోటాకి పడినవి అంతకంటే ఎక్కువే. ఆ అంకె విన్నాక రాత్రి చాలాసేపు ఆలోచించాను. నాలాగా విసిగిపోయి నోటా నొక్కినవాళ్ళని తప్పు పట్టను, ఆ బాధ నాది కూడా. కానీ కోపాన్ని ఎక్కడ పెడితే ఎవరికి తగులుతుందో చూసుకోవాలి కదా.

ఇక లోపాలు. రెండో మిషన్‌లో టోనర్ అయిపోవచ్చింది, నా కట్టలో సరిగ్గా స్థిరాస్తుల పేజీయే వెలిసిపోయినట్టు వచ్చింది, సర్వే నంబర్లు కనపడలేదు. తీసుకున్న వెంటనే అక్కడే తిరగేసి చూసుకోండి. సాయంత్రం ఐదు తర్వాత హాల్ టికెట్లు, అప్లికేషన్ల పిల్లలు వచ్చి పడతారు, అప్పుడు అక్కకి మాట్లాడే తీరిక ఉండదు. పొద్దున్న పదకొండు లోపు వెళ్ళడం మంచిది. కొన్ని అఫిడవిట్లు ఇంగ్లీషులో ఉన్నాయి, అవి తెలుగులో రాసిమ్మని అడగకండి, చదివి చెప్తుంది, అంతే. పార్టీల మాట ఎత్తి గొడవ పెట్టుకుంటే మాత్రం లేచి బయటకు పొమ్మంటుంది, ఒకతన్ని నా ముందే పంపేసింది. ప్రచారం కరపత్రాలు అచ్చు వేయదు. అచ్చు వేసినవాళ్ళ పేరు, చిరునామా దాని మీద ఉండాలని చట్టంలో ఉందట, ఎవరి కరపత్రం మీదా తన పేరు ఉండటం ఇష్టం లేదంది.

ఆదివారం ఊరెళ్ళి అమ్మకి ఇద్దరివీ చదివి వినిపించాను. ఆస్తుల దగ్గర అమ్మ ఏమీ అనలేదు. అంతా విని, "మరి తుఫానొచ్చినప్పుడు ఊళ్ళోకి వచ్చినాడో లేదో అది ఏ గడీలో రాసుంది?" అంది. అది ఏ గడీలోనూ లేదు. అసెంబ్లీలో ఎన్ని రోజులు కూర్చున్నాడు, మా ఊరి గురించి ఏం అడిగాడు, అదీ లేదు. అవి మనం అడిగి తెలుసుకోవాల్సినవి. అందుకని కట్ట వెనక తెల్ల పేజీ మీద నేనూ అమ్మా కూర్చుని రాశాం: తిత్లీ జాబితా, డయాలసిస్‌కి వెళ్ళడానికి బస్సు, మా వీధి కుళాయికి నీళ్ళు వచ్చే రోజులు. ప్రచారానికి ఎవరొచ్చినా ఈ మూడూ అడుగుతానంది అమ్మ. నిన్న ఒక పార్టీవాళ్ళు వస్తే గుమ్మంలో నిలబడి అడిగిందట, వాళ్ళ దగ్గర బస్సు గురించి తప్ప దేనికీ జవాబు లేదట.

ఈరోజు పొద్దున్న ఫోన్ చేసి, ఇండిపెండెంట్‌గా నిలబడిన ఆవిడ కాగితం కూడా తెమ్మంది. మధ్యాహ్నం వెళ్ళి తీసుకున్నాను, తొమ్మిది పేజీలే. వెలిసిపోయిన ఆ పాత పేజీ చూపిస్తే అక్క డబ్బులు తీసుకోకుండా మొదటి మిషన్‌లో మళ్ళీ తీసిచ్చింది. మే 12వ తేదీ సాయంత్రం వరకు తెరిచే ఉంటుందట, 13న తనూ ఓటు వేయడానికి వాళ్ళ ఊరు వెళ్తుంది.