జాంగో ‘డీబీ_టేబుల్’: నాలుగేళ్ల వాడకం తర్వాత

మా పాత డేటాబేస్‌లో కస్టమర్ల టేబుల్ పేరు ‘టీబీఎల్_కస్ట్_ఎంఎస్‌టీ’. దాని మీద ఇంకా రెండు పాత ప్రోగ్రాములు నడుస్తున్నాయి కాబట్టి పేరు మార్చే వీల్లేదు. కోడ్‌లో మాత్రం ‘కస్టమర్’ అనే రాసుకోవాలి. పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే జాంగోలో ఒక్కో టేబుల్‌కి ‘మోడల్’ అనే క్లాస్ రాస్తాం; దానిలోని మెటా క్లాస్‌లో ‘డీబీ_టేబుల్’ అని ఒక్క లైన్ చాలు, కాలమ్‌కైతే ‘డీబీ_కాలమ్’. నాలుగేళ్లలో పేర్లు కలపడం దగ్గర ఒక్కసారి కూడా తేడా రాలేదు.

మొదట్లో ‘ఇన్‌స్పెక్ట్‌డీబీ’ అనే జాంగో కమాండ్ నడిపాం. టేబుళ్లన్నీ చదివి మోడల్స్ తనే రాసిచ్చింది. కానీ అది ఇచ్చే క్లాస్ పేరు టేబుల్ పేరులోంచి అండర్‌స్కోర్లు తీసేసినదే. తొందరలో అలాగే వదిలేశాం. ఆర్నెల్లకు మార్చబోతే ఆ పేర్లు కోడంతా పాకిపోయి ఉన్నాయి. ఇంకో టేబుల్ పేరు చివర్లో ఉన్న ‘ఎంఎస్‌టీ2’ అంటే రెండో మాస్టర్ అనుకున్నాం. పాత సిస్టమ్ తెలిసిన సీనియర్‌ని అడిగితే మూసేసిన ఖాతాలన్నీ అందులోకి వెళ్తాయన్నారు. ఆ సంగతి ఏ టూలూ చెప్పదు. ఇప్పుడు కోడ్‌లో దాని పేరు ‘క్లోజ్డ్ అకౌంట్’.

అసలు టెన్షన్ పెట్టింది మాత్రం ప్రైమరీ కీ, అంటే టేబుల్‌లో ఒక్కో వరుసను విడిగా గుర్తుపట్టే కాలమ్. ఆర్డర్ లైన్ల టేబుల్‌లో ఆర్డర్ నంబర్, లైన్ నంబర్ రెండూ కలిస్తేనే కీ. అప్పటి జాంగోకి అలాంటి కీ చేతకాదు. అందుకని ఇన్‌స్పెక్ట్‌డీబీ మొదటి కాలమ్‌నే కీగా రాసి, పక్కన ఆ మాటే కామెంట్‌గా పెట్టింది. మేం దాన్ని చదవలేదు. ఒక లైన్‌లో పరిమాణం మార్చి, ‘అప్‌డేట్_ఫీల్డ్స్’లో ఆ ఒక్క ఫీల్డే ఇచ్చి సేవ్ చేశాం. డేటాబేస్‌కి వెళ్లిన క్వెరీలో, ఏ వరుసలు మార్చాలో చెప్పే ‘వేర్’ దగ్గర ఆర్డర్ నంబర్ ఒక్కటే ఉంది. ఆ ఆర్డర్‌లోని లైన్లన్నిటికీ అదే పరిమాణం పడింది, ఎర్రర్ కూడా రాలేదు. అదృష్టం, టెస్ట్ సర్వర్ మీదే దొరికింది. 2025లో వచ్చిన 5.2 వెర్షన్‌లో ‘కాంపోజిట్ ప్రైమరీ కీ’ ఉంది. అంతకుముందు వెర్షన్ వాడేవాళ్లు అలాంటి టేబుళ్లను చదవడానికే వాడండి, సేవ్ చేయకండి.

మెటా క్లాస్‌లో ‘మేనేజ్డ్ = ఫాల్స్’ ఉంటే, టేబుళ్లను తయారు చేసి మార్చే మైగ్రేషన్లు పాత టేబుళ్ల జోలికి పోవు; నాకు అన్నిటికంటే ధైర్యం ఇచ్చింది అదే. కాకపోతే టెస్టుల్లోనూ ఆ టేబుళ్లు తయారు కావు. టెస్టులు నడిపే టెస్ట్ రన్నర్‌లో ‘మేనేజ్డ్’ని ‘ట్రూ’ చేసుకుంటున్నాం.

కొత్తగా ఇంకో పాత డేటాబేస్ మా చేతికొచ్చింది. ఈసారీ ఇదే వాడుతున్నాం, కాకపోతే రోజుకు పది టేబుళ్లు మాత్రమే, ఆ సీనియర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని.