హజార్డ్స్ నియర్ మీ: కార్చిచ్చు కాలంలో నేను నమ్మే యాప్, అది చెప్పని సంగతులు

న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్న 'హజార్డ్స్ నియర్ మీ' యాప్ గురించి సిడ్నీలోనూ చుట్టుపక్కలా ఉంటున్న తెలుగువాళ్లకు చెప్పవలసింది చాలా ఉంది. భారీ కార్చిచ్చులు చెలరేగిన 2019-20 వేసవిలో ఈ రాష్ట్ర ప్రజలు చేతిలో పట్టుకుని గడిపిన 'ఫైర్స్ నియర్ మీ' స్థానంలో 2022లో వచ్చిన ఈ యాప్, కార్చిచ్చులతో పాటు వరదల, సునామీల హెచ్చరికలను కూడా ఒకేచోట చూపిస్తుంది. హెచ్చరిక సాధనంగా దీనికి నేను అయిదుకు నాలుగు మార్కులు వేస్తాను. మిగిలిన ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గించానో చెప్పడంతో పాటు, ఈ దేశంలో అడవి అంటుకున్న ప్రతిసారీ మొదలయ్యే వాతావరణ మార్పు వాదోపవాదాలను అర్థం చేసుకోవడానికి ఈ హెచ్చరికల వ్యవస్థ ఎంత ఉపయోగపడుతుందో కూడా ఇక్కడ చెప్పాలనుకుంటున్నాను.

యాప్ తెరవగానే మ్యాపు మీద త్రిభుజాలు కనిపిస్తాయి. పసుపు రంగుది 'అడ్వైస్', నారింజ రంగుది 'వాచ్ అండ్ యాక్ట్', ఎరుపుది 'ఎమర్జెన్సీ వార్నింగ్'. పసుపు ఉంటే మంట పుట్టింది గానీ తక్షణం ముప్పు లేదని, సమాచారం కనిపెట్టుకుని ఉండాలని అర్థం. నారింజకు మారిందంటే ముప్పు పెరుగుతోందని, ప్రాణాలు కాపాడుకునే ప్రయత్నం అప్పుడే మొదలుపెట్టాలని అర్థం. ఎరుపు కనిపించిందంటే ఇప్పటికే ప్రమాదంలో ఉన్నట్టు. ఎరుపు వచ్చాక బయల్దేరవచ్చులే అని ఆగడమే అన్నిటికన్నా ప్రమాదకరమైన అలవాటు. సిడ్నీకి పడమట ఉన్న బ్లూ మౌంటెన్స్ కొండల ఊళ్లలో చాలావాటికి కొండ గట్టు వెంట సాగే గ్రేట్ వెస్టర్న్ హైవే ఒక్కటే ప్రధాన మార్గం. అక్కడ ఎరుపు త్రిభుజం వచ్చేసరికి దారి పొగతోనో వాహనాలతోనో మూసుకుపోయి ఉండవచ్చు. సెలవురోజున కటూంబా చూపించడానికి అమ్మానాన్నలను తీసుకెళ్లేవాళ్లు బయల్దేరే ముందు ఒకసారి మ్యాపు చూసుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

మరొక విషయంలో కూడా కంగారు పడేవాళ్లు కనిపిస్తారు. ప్రతి మంటకూ 'అవుట్ ఆఫ్ కంట్రోల్', 'బీయింగ్ కంట్రోల్డ్', 'అండర్ కంట్రోల్' అని ఏదో ఒక స్థితి రాసి ఉంటుంది. ఇది అగ్నిమాపక దళం పని ఎంతవరకు వచ్చిందో చెప్పే మాట మాత్రమే. జనావాసాలకు దూరంగా రోజుల తరబడి 'అవుట్ ఆఫ్ కంట్రోల్'గా కాలే మంటలు ఉంటాయి. మీకు ముప్పు ఎంతో చెప్పేది త్రిభుజం రంగే గనుక, ముందు దాన్నే చూడాలి. ఇంటి చిరునామాను, పిల్లల బడిని, వారాంతానికి వెళ్లే చోటును 'వాచ్ జోన్'లుగా పెట్టుకుంటే ఆ పరిధిలో హెచ్చరిక వచ్చినప్పుడు, దాని స్థాయి మారినప్పుడు ఫోన్ మోగుతుంది. యాప్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన సదుపాయం ఇదే.

ఈ త్రిభుజాల వెనుక మరొక కొలమానం ఉంది. ఊరి పొలిమేరల్లో రోడ్డు పక్కన అర్ధవృత్తాకారపు బోర్డు మీద బాణంగుర్తుతో కనిపించే 'ఫైర్ డేంజర్ రేటింగ్' అది. పాత పద్ధతికి అలన్ మెకార్థర్ అనే అటవీ శాస్త్రవేత్త 1960లలో రూపొందించిన సూచిక ఆధారం. 2009 ఫిబ్రవరి 7న విక్టోరియాలో 173 మందిని బలిగొన్న 'బ్లాక్ సాటర్డే' కార్చిచ్చుల తరువాత దానికి పైన 'కెటస్ట్రోఫిక్' అనే స్థాయిని చేర్చారు. 2022 సెప్టెంబరు 1 నుంచి దేశమంతటికీ ఒకే కొత్త పద్ధతి అమల్లోకి వచ్చింది. 'మోడరేట్', 'హై', 'ఎక్స్‌ట్రీమ్', 'కెటస్ట్రోఫిక్' అని నాలుగే స్థాయిలు, ఒక్కో స్థాయికి ఏం చేయాలో ఒక స్పష్టమైన ఆదేశం. పాత పద్ధతి అడవినీ గడ్డినీ మాత్రమే దృష్టిలో పెట్టుకోగా, కొత్తది ఎనిమిది రకాల వృక్షసంపదను విడివిడిగా లెక్కిస్తుంది. సిడ్నీ వాయవ్యాన బాక్స్ హిల్, మార్స్‌డెన్ పార్క్ వంటి కొత్త కాలనీల్లో ఇళ్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలు ఈ మార్పును గమనించాలి. అక్కడ చుట్టూ దట్టమైన అడవి లేకపోయినా, ఎండిన గడ్డి మీద మంట అడవిలో కన్నా వేగంగా పరుగెత్తుతుంది.

ఈ రేటింగ్ దేన్ని కొలుస్తుందో తెలిస్తే, కార్చిచ్చుల మీద జరిగే వాదంలో సగం చిక్కు విడిపోతుంది. గాలి వేగం, ఎండ, గాలిలో తేమ, ఎండిన గడ్డీ గాదం ఎంత ఉందన్నది చూసి, నిప్పంటూ పుడితే అది ఎలా ప్రవర్తిస్తుంది, దాన్ని ఆపడం మనుషుల వల్ల అవుతుందా అన్నది ఇది చెబుతుంది. నిప్పు ఎవరు పెట్టారన్న ప్రశ్నకు ఇందులో చోటు లేదు. 2020 జనవరిలో న్యూ సౌత్ వేల్స్ పోలీసులు 183 మందిపై చర్య తీసుకున్నామని ప్రకటించగానే, మంటలన్నిటికీ కారణం దుండగులే తప్ప వాతావరణ మార్పు కాదన్న ప్రచారం ప్రపంచమంతా పాకింది. ఆ ప్రకటన పూర్తిగా చదివితే కావాలని నిప్పు పెట్టారన్న ఆరోపణ ఎదుర్కొన్నవారు 24 మంది. మిగిలినవారిలో చాలామంది నిషేధం ఉన్న రోజున నిప్పు వాడినవారు, వెలుగుతున్న సిగరెట్టో అగ్గిపుల్లో పారేసినవారు. 5 లక్షల హెక్టార్లకు పైగా కాల్చేసిన గాస్పర్స్ మౌంటెన్ మంట పిడుగు వల్ల పుట్టింది. నిప్పు పెట్టినవాడు నేరస్థుడే, అందులో రెండో మాట లేదు. కానీ అదే నిప్పురవ్వ తేమగా ఉన్న సంవత్సరంలో చిన్న మంటగా ఆరిపోతుంది, 2019లో ఒక ప్రాంతాన్నే మింగింది.

ఆస్ట్రేలియా రికార్డుల్లో అతి వేడి సంవత్సరమూ, అతి తక్కువ వర్షం పడిన సంవత్సరమూ 2019 ఒక్కటే. ఆ నవంబరు 12న గ్రేటర్ సిడ్నీకి 'కెటస్ట్రోఫిక్' స్థాయి ప్రకటించారు. ఆ స్థాయి పుట్టాక సిడ్నీకి అదే మొదటిసారి. 2020 జనవరి 4న పెన్రిత్‌లో 48.9 డిగ్రీలు నమోదైంది. ఆ కరువుకు సహజ కారణాలు కూడా ఉన్నాయి. హిందూ మహాసముద్రపు పడమటి భాగం వేడెక్కి తూర్పు భాగం చల్లబడే డైపోల్ ఆ ఏడు చాలా బలంగా ఉంది. ఆస్ట్రేలియాకు వానలు లేకుండా చేసిన ఆ డైపోలే, భారతదేశంలో అదే ఏడు రుతుపవనాలు దీర్ఘకాల సగటులో 110 శాతం కురవడానికి తోడ్పడిందని చెబుతారు. ఇటువంటి సహజమైన ఒడిదుడుకులకు వేడెక్కిన భూమి తోడైతే ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న. అంత తీవ్రమైన కార్చిచ్చు వాతావరణం ఏర్పడే అవకాశం 1900 నాటితో పోలిస్తే కనీసం 30 శాతం పెరిగిందని తీవ్ర వాతావరణ ఘటనల్లో వాతావరణ మార్పు పాత్రను లెక్కించే వరల్డ్ వెదర్ ఆట్రిబ్యూషన్ బృందపు శాస్త్రవేత్తలు 2020లో లెక్క కట్టారు. ముందుగానే చెత్తా చెదారం కాల్చి అడవిని పలుచన చేస్తే సరిపోయేదన్న వాదనలో కొంత నిజం ఉంది, ఆ పని జరగాలి కూడా. అయితే అదే సర్వరోగ నివారిణి కాదని రాష్ట్రంలో కార్చిచ్చులను ఎదుర్కొనే రూరల్ ఫైర్ సర్వీస్‌కు ఆనాటి కమిషనర్ షేన్ ఫిట్జ్‌సిమన్స్ స్పష్టంగానే చెప్పారు. మంటలకు ఎదురు నిలిచిన మనిషి మాట గనుక నేను దానికి ఎక్కువ విలువ ఇస్తాను.

ఇక్కడే యాప్‌లో నాకు లోటు కనిపిస్తుంది. ఇది ఈ క్షణపు ముప్పును చెబుతుంది గానీ, మన ప్రాంతంలో ఇలాంటి రోజులు ఏళ్ల తరబడి పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా అన్నది చూపించదు. ఇల్లు తగలబడే వేళ గ్రాఫులు ఎవరికీ అక్కర్లేదు, ఆ మాట ఒప్పుకుంటాను. చల్లని నెలల్లో మాత్రం, గత రేటింగ్‌ల చరిత్రను చిరునామా వారీగా చూసుకునే వీలుంటే, ఆగ్నేయ ఆస్ట్రేలియాలో చల్లని నెలల వర్షం తగ్గుతోందని, కార్చిచ్చు కాలం పొడవవుతోందని వాతావరణ శాఖ, ప్రభుత్వ శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ కలిసి ప్రచురించే నివేదికల్లో ఉన్న విషయం సామాన్యుడి ఇంటి గుమ్మం దాకా వస్తుంది. ఎక్కడి సంగతో అన్నట్టు సాగే వాదానికి అప్పుడు కాళ్ల కింద నేల దొరుకుతుంది.

మిగిలిన పరిమితులు మరింత ప్రత్యక్షమైనవి. యాప్‌కు ఇంటర్నెట్ కావాలి, టవర్‌కు కరెంటు కావాలి. 2019-20లో సెల్ టవర్లు మూగబోవడానికి మంటలు నేరుగా కాల్చడం కన్నా కరెంటు పోవడమే చాలా పెద్ద కారణం. అందుకే బ్యాటరీతో నడిచే రేడియో, అందులో ప్రభుత్వ ప్రసార సంస్థ ఏబీసీ స్థానిక ప్రసారం ఇప్పటికీ అవసరం. సరిహద్దు దాటితే యాప్ మారుతుంది; మెల్‌బోర్న్ వెళ్లేవాళ్లు విక్‌ఎమర్జెన్సీ యాప్ వేరుగా పెట్టుకోవాలి. 33 మంది ప్రాణాలు, 3,000కు పైగా ఇళ్లు పోయిన ఆ వేసవి మీద విచారణ జరిపిన రాయల్ కమిషన్, దేశమంతటికీ ఒకే యాప్ సాధ్యాసాధ్యాలను పరిశీలించాలని 2020 అక్టోబరులోనే సూచించింది. ఈ సూచన ఫలించాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

తెలుగు ఇళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. మనకు చలికాలంలో వచ్చే భోగి ఇక్కడ నడివేసవిలో, కార్చిచ్చులు ఉధృతంగా ఉండే రోజుల్లో పడుతుంది. ఆ రోజు మీ ప్రాంతానికి 'టోటల్ ఫైర్ బ్యాన్' ఉంటే ఆరుబయట మంట వేయడం నేరం. బొగ్గుల పొయ్యి మీద వంటకు కూడా అనుమతి లేదు. మామూలు రోజుల్లో కూడా మీ కౌన్సిల్ నిబంధన చూసుకున్నాకే భోగి మంట సంగతి ఆలోచించండి. ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లు పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉంటారు గనుక, వాళ్ల ఫోన్లలో కూడా యాప్ వేసి, మూడు రంగుల అర్థాన్ని తెలుగులో కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించడం మంచిది. కార్చిచ్చుల సమాచారానికి ఫోన్ నంబరు 1800 679 737 కూడా అదే కాగితం మీద రాయండి. ఇవన్నీ అక్టోబరు 1న కార్చిచ్చు కాలం మొదలయ్యేలోపే చేసుకోవాలి. కొత్తగా పుట్టిన మంటకు హెచ్చరిక వెలువడేలోపే అది ఇంటి దాకా రావచ్చు కాబట్టి, మంట కళ్లపడితే ఫోన్ మోగలేదు కదా అని చూడకుండా వెంటనే 000కు ఫోన్ చేయాలని వాళ్లకు నేర్పండి.