యూకేజీ గదిలో సైన్సు బల్ల: మూడేళ్ల వాడకం తర్వాత

గుంటూరులో ఒక యూకేజీ గది, 28 మంది పిల్లలు, గోడవారన ఒక పొట్టి బల్ల. మూడేళ్లుగా దాని మీద కొన్న కిట్టూ ఉంది, ఇంటి నుంచి తెచ్చిన సరుకూ ఉంది. కిట్టు మొదటి వారం మెరిసింది. పెసల గ్లాసు, కరివేపాకు కొమ్మ దగ్గర మాత్రం పిల్లలు రోజూ మూగుతారు. అవి నిన్న ఉన్నట్టు ఇవాళ ఉండవు కదా.

ముందు భూతద్దాలు. కిట్టులో వచ్చినవి 10 రెట్లు పెద్దగా చూపించేవి. వాటితో చూడాలంటే వస్తువు అద్దానికి రెండున్నర సెంటీమీటర్ల దూరంలోనే ఉండాలి. ఐదేళ్ల చేతికి ఆ నిలకడ ఉండదు, అంతా మసకగా కనబడి పక్కన పడేస్తారు. 3 రెట్లు చూపించే వెడల్పాటి ప్లాస్టిక్ భూతద్దం చాలు. దుమ్ము పడితే పొడిగుడ్డతో రుద్దకండి, గీతలు పడతాయి. ముందు నీళ్లతో కడగాలి. ఎండపడే కిటికీ గట్టున ఒక్క నిమిషం కూడా వదలొద్దు, కింద కాగితం ఉంటే అంటుకుంటుంది.

అయస్కాంతాల్లో చిన్న బిళ్లలు అసలు వద్దు. రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి పట్టుకుని ప్రాణం మీదికి తెస్తాయి. పిల్లల గుప్పిటలో పట్టనంత పెద్ద కడ్డీ ఇవ్వండి. స్టీలు గ్లాసుల్లో కొన్ని అంటుకుంటాయి, కొన్ని అంటుకోవు. టీచరు ముందే అన్నీ పరీక్షించి పెట్టుకుంటే అదే మంచి పాఠం అవుతుంది.

ఇక మొలకలు. ఈ బల్లకు ప్రాణం ఇవే. పొట్టుతో ఉన్న గుండు పెసలే కావాలి, పప్పు మొలవదు. ఎర్రగానో నీలంగానో రంగు పూసిన విత్తనాలు మందు పట్టించినవి, పిల్లల చేతికి ఇవ్వకూడదు. ఊరు గుంటూరు కదా అని మిరప గింజలు పెట్టాలనిపిస్తుంది. అవి మొలవడానికి వారం పైనే పడుతుంది, ఈలోపు ఆ చేతులు కళ్లలోకి వెళ్తాయి.

సోమవారం సాయంత్రం పెసలు నానబెట్టాలి. మంగళవారం పొద్దున పారదర్శకమైన గ్లాసు లోపలి గోడకు టిష్యూ కాగితం చుట్టి, మధ్యలో దూది కూరి, కాగితానికీ గోడకీ నడుమ నాలుగైదు గింజలు దూర్చాలి. నీళ్లు అడుగున ఒక సెంటీమీటరు చాలు, కాగితమే పైకి పీల్చుకుంటుంది. పిల్లలు ప్రేమకొద్దీ గ్లాసు నిండా పోస్తారు. మునిగిన గింజకు గాలి అందదు, రెండు రోజుల్లో కుళ్లి వాసనొస్తుంది. అందుకే గ్లాసుకి ఒక మందుచుక్కల గొట్టం ఇచ్చి, "రోజుకు పది చుక్కలు" అని లెక్క పెట్టించండి. శుక్రవారం మొదలుపెడితే ఆదివారం ఎండిపోయి సోమవారానికి ఏమీ మిగలదు. వేరు రెండు సెంటీమీటర్లు వచ్చాక గ్లాసును పక్కకి పడుకోబెట్టండి. మర్నాటికి వేరు కొస కిందికి, కాడ పైకి వంగి ఉంటాయి. పిల్లలు తమ తలలు కూడా పక్కకి వాల్చి చూస్తారు.

నల్లరేగడి మట్టినీ ఇసుకనూ రెండు పళ్లేల్లో తడిపి ఆరబెట్టడం కూడా బాగుంది. మట్టి బీటలు వారుతుంది, ఇసుక వారదు.

సీతాకోకచిలుకలకి కరివేప చెట్టే మేలు. లేత ఆకుల మీద ఆవగింజంత లేతపసుపు గుడ్లు వెతకాలి. పిల్ల పురుగు నల్లగా, తెల్లమచ్చతో, అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది, పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. ముట్టుకుంటే తల వెనక నుంచి చీలిన నాలుకలాంటిది బయటికి చాచి ఘాటు వాసన వదులుతుంది. కరవదు. బొచ్చున్న పురుగుల జోలికి మాత్రం వెళ్లొద్దు, దురద. జిల్లేడు మీది పురుగులూ వద్దు, ఆ పాలు కంట్లో పడితే ప్రమాదం.

కరివేప పురుగులకి దోమతెర గుడ్డ కట్టిన పెద్ద డబ్బా కావాలి. కొమ్మను నీళ్ల సీసాలో పెట్టి మూతి దూదితో బిగించాలి, లేకపోతే పురుగు జారి మునిగిపోతుంది. బజారు కరివేపాకు వెయ్యకండి. మందు కొట్టిన ఆకు తింటే ఒక్కరోజులో చస్తాయి. అడుగున పరిచిన కాగితం రోజూ మార్చాలి. మేత మానేసి తిరుగుతోందంటే గూడు కట్టబోతోందని. అప్పటికి గరుకు పుల్ల ఒకటి నిలబెట్టి ఉండాలి. సుమారు పది రోజులకు, ఎక్కువగా పొద్దునపూట, సీతాకోకచిలుక బయటికొస్తుంది. రెక్కలు కిందికి వేలాడేసి ఆరబెట్టుకునే చోటు లేకపోతే అవి వంకరగానే గట్టిపడతాయి, ఇక ఎగరలేదు. ఇరుకు సీసాలతో జరిగే నష్టం ఇదే.

ఒక్కోసారి గూటికి చిన్న చిల్లు కనబడుతుంది, చిలుక రాదు. కందిరీగ జాతి కీటకం ఏదో ఆ పురుగు లోపల గుడ్లు పెట్టిందన్నమాట. అందుకే ఒక్క పురుగుతో సరిపెట్టకుండా మూడు నాలుగు పెంచండి. ఆ చిల్లు గూడును పారేయకుండా భూతద్దం పక్కనే పెట్టండి. పిల్లలు అడిగితే జరిగింది జరిగినట్టే చెప్పండి.